బాపు నేర్చుకున్న ఇంగ్లీషు వాక్యం

మా ల్యాబ్ సారు మీద నాకు కోపం ఇంకా పోలేదు. కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయని చెప్పేవాళ్లుంటారు. వాళ్ల కన్నతండ్రిని ఎవరూ అలా నిలబెట్టి ఉండరు.

మాది ఉప్పుగూడ. స్టేషన్ వెనక సందులో తాత కాలం నుంచీ బర్రెల కొట్టం ఉంది. ప్యాకెట్ పాలు వచ్చాక చుట్టుపక్కల కొట్టాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మాది నడిచిందంటే కారణం ఒకటే, మా బాపు పాలలో నీళ్లు పోయడన్న పేరు. యాకుత్‌పురా నుంచి కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. స్థలం కిరాయిది, పైన రేకులు తుప్పు పట్టినవి, స్కూటర్ ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు. ఆ పేరు తప్ప మాకు వేరే ఆస్తి లేదు.

తెలుగు మీడియంలో పది పాసై డెయిరీ టెక్నాలజీ డిప్లొమాలో చేరాను. ఆ కాలేజీ క్యాంటీన్‌కు పాలు పోసేది కూడా మేమే. బాపు ఒకే స్కూటర్ మీద ముందు క్యాను, వెనక నన్ను పెట్టుకుని తీసుకుపోయేవాడు. దారిలో కనబడ్డవాడికల్లా "మా బిడ్డ పాల డాక్టర్ అయితది" అని చెప్పేవాడు.

మొదటి వారంలోనే నా పని అయిపోయింది. చిక్కదనాన్ని విస్కాసిటీ అనాలట, పులుపును అసిడిటీ అనాలట, వెన్న పోగా మిగిలిన గట్టి పదార్థం సాలిడ్స్ నాట్ ఫ్యాట్, కల్తీ చేయడం అడల్టరేషన్. పుట్టినప్పటి నుంచీ చేతులకు తెలిసిన పాలు నోటికి తెలియకుండా పోయాయి. వేలు ముంచి చెప్పగలిగే దాన్ని నిలబడి చెప్పమంటే పుస్తకం వెతుక్కునేదాన్ని.

సారు క్లాసులో తెలుగు మాట వినపడితే ఊరుకునేవాడు కాదు. ఆయనకు తెలుగు రాక కాదు. వరండాలో ఫోన్ పట్టుకుని వంకాయలు తేవాలా, బెండకాయలు తేవాలా అని ఇంట్లోవాళ్లను అడిగేది తెలుగులోనే. నేను లేచి నిలబడితే మాత్రం జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు. "గేదెల దగ్గర మాట్లాడే భాష గేదెల దగ్గరే వదిలేసి రావాలమ్మా" అనేవాడు. క్లాసంతా నవ్వేది. నేను రోజూ తలంటుకుని వెళ్లేదాన్ని. అయినా ఆ జేబురుమాలు బయటికి వచ్చేది.

పంతం పట్టాను. ఆ మాటల్ని పాలు పితికేటప్పుడు నేర్చుకోవడం మొదలుపెట్టాను. పితకడానికి ఒక లయ ఉంటుంది, ఒక చేయి బిగిస్తే ఇంకో చేయి వదులుతుంది. ఆ లయ మీద మాటను ముక్కలుగా విరిచి వేసుకునేదాన్ని. వి, స్కా, సి, టీ. కుడి, ఎడమ, కుడి, ఎడమ. బకెట్‌లో నురగ లేచేసరికి మాట నాలుక మీద కూర్చునేది. పక్క బర్రె కింద బాపు కూర్చుని నవ్వేవాడు.

"ఇంకింత పెద్ద మాట తియ్యి బిడ్డా. గిది మస్తు పాలిచ్చే బర్రె, చిన్న మాటలు సరిపోవు."

అలా పుస్తకంలో సగం మాటలు వచ్చేశాయి. ఇక ఆ సారు నోరు మూయిస్తాననుకున్నాను.

పాలమ్ముకునే మా ఇళ్లలో ఒక ఆచారం ఉంది. పాలు గడప దాటేముందు అమ్మ చేతివేళ్లు నీళ్లలో తడిపి క్యానులో నాలుగు చుక్కలు విదిలిస్తుంది. వట్టి పాలు బయటికి పోతే బర్రెకు దిష్టి తగిలి పొదుగు ఎండిపోతుందని నమ్మకం. దాన్ని నీళ్లు కలపడమని మాలో ఎవరూ అనరు. బిడ్డ బుగ్గన చుక్క పెడితే మసి పూశారని ఎవరైనా అంటారా?

కల్తీని పట్టుకునే పరీక్షలు నేర్పే రోజు అందరినీ ఇంటి నుంచి పాలు తెమ్మన్నారు. మిగతావాళ్లు ప్యాకెట్లు తెచ్చారు. అమ్మ చుక్కలు విదిలించాక నేను సీసాలో మా బర్రె పాలు తీసుకెళ్లాను. నీళ్లు కలిశాయో లేదో చూసే లాక్టోమీటర్‌ను అందులో వదిలితే అది ఎక్కడ నిలబడాలో సరిగ్గా అక్కడే నిలబడింది. సారు వచ్చాడు. ప్రతి శాంపిల్‌కూ అడగాల్సిన ప్రశ్నే నన్నూ అడిగాడు. "ఎనీథింగ్ యాడెడ్?"

ఏమైనా కలిపారా అని. మనసులో తెలుగులోకి మార్చుకోకుండానే అర్థమైన మొదటి ఇంగ్లీషు ప్రశ్న అది. ఆ సంతోషంలో గట్టిగా చెప్పాను. "యెస్ సర్. వాటర్."

ల్యాబ్ అంతా నా వైపు తిరిగింది. వెనక నుంచి ఎవరో "సార్, మన క్యాంటీన్ పాలు వీళ్లవే" అన్నారు. ఎందుకు కలిపారని సారు అడిగాడు. నా దగ్గర విస్కాసిటీ ఉంది, అడల్టరేషన్ ఉంది, ఫ్రీజింగ్ పాయింట్ కూడా ఉంది. దిష్టికి మాత్రం ఏ మాటా లేదు. ఏ పాఠంలోనూ అది రాలేదు. వెతికి వెతికి "ఫర్ బఫెలో సర్" అన్నాను.

"బర్రెకు దూపైతే నీళ్లు పాలల్ల పోస్తరా?" అని ఒకడు అరిచాడు. బల్లలు కొట్టి మరీ నవ్వారు.

లాక్టోమీటర్ వైపు చేయి చూపించాను. సారు దాన్ని చూశాడు. నీళ్లు పోసినవాళ్లు లెక్క సరిచేయడానికి చక్కెరో యూరియానో కలుపుతారని, ఇది బాగా ఆరితేరిన చేయి అని క్లాసుకు ఇంగ్లీషులో వివరించాడు. చక్కెరకు పరీక్ష ఉంది, యూరియాకూ ఉంది. రెండూ ఆ రోజు పాఠంలోనే ఉన్నాయి. చేయలేదు. రేపు మీ నాన్నను తీసుకురా అన్నాడు.

బాపు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. నేనెంత చెప్పినా వినకుండా సారు కోసం స్టీలు డబ్బాలో జున్ను తెచ్చాడు. సారు డబ్బాను వేలితో పక్కకు నెట్టి ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టాడు. డిపార్ట్‌మెంట్‌లో తెలుగు నడవదట, నేను తర్జుమా చేయాలట.

"నీళ్ల చుక్కల గురించి అడుగుతుండు బాపూ."

"గంతేనా!" బాపు మొహం విప్పారింది. "దిష్టికి సార్. మా అమ్మ గూడ గట్లనే చేసేది. మీరు ఒక్కపారి మా కొట్టంకు వచ్చి చూడుండ్రి, పొదుగు కింద చెంబు పెట్టి మీ కండ్ల ముంగటనే పిండిస్త."

సారుకు ప్రతి అక్షరం అర్థమైంది. అర్థం కానట్టు కిటికీ బయటికి చూశాడు. తర్వాత నాతో ఇంగ్లీషులోనే అన్నాడు, ఈయన ఒక్క వాక్యం ఇంగ్లీషులో చెబితే క్యాంటీన్ పాలు ఆగవు, లేకపోతే ఇవాళ్టి నుంచే బంద్. నువ్వు ఇంగ్లీషు నేర్చుకుంటున్నావు కదా, నువ్వే నేర్పించు. వాక్యం తనే చెప్పాడు.

తలుపు దగ్గర మా క్లాసువాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు.

"నా ఎనక చెప్పు బాపూ" అన్నాను.

మాఫీ అడగమంటున్నాననుకున్నాడేమో, ఆయన చేతులు జోడించాడు. ఐ హ్యావ్ వరకు బాగానే వచ్చింది. పెద్ద మాట దగ్గర తడబడ్డాడు. సారు వేలు ఊపి "అగైన్" అన్నాడు. అ, డ, ల్ట, రే, టెడ్ అని నేను విరిచి చెప్పాను. జోడించిన చేతులు విడిపోయి, పాలు పితుకుతున్నట్టు పిడికిళ్లు ఒకటి తర్వాత ఒకటి కదిలాయి. చివరికి వాక్యం మొత్తం అప్పగించాడు. ఐ హ్యావ్ అడల్టరేటెడ్ ద మిల్క్. గుమ్మంలో ఎవరో చప్పట్లు కొట్టారు. బాపు వాళ్ల వైపు తిరిగి సిగ్గుపడుతూ నవ్వాడు.

సారు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆయన బాగుండాలని నేనెప్పుడూ కోరుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బాపు ఊరుకోలేదు. యాకుత్‌పురాలో తౌడు కొనే దుకాణం ముందు స్కూటర్ ఆపాడు. ఆ దుకాణం సేటు ఇంటికి కూడా మా పాలే.

"సేట్, ఇయ్యాల కాలేజీల పెద్ద సారు ముంగట అంగ్రేజీల మాట్లాడిన. మాఫీ అడిగిన. ఇనుండ్రి."

నేను చొక్కా పట్టుకుని లాగాను. "వద్దు బాపూ, పోదాం పా" అన్నాను. ఆయన అప్పటికే గొంతు సవరించుకుని, ఎక్కడా తడబడకుండా చెప్పేశాడు.

తౌడు తూకం వేస్తున్న సేటు చేయి ఆగింది. ఆయన కొడుకు సెల్‌ఫోన్ మీద నుంచి తల ఎత్తాడు. "క్యా బోల్‌రే భాయ్? సోచ్ కే బోల్‌రే?" అన్నాడు సేటు, ఆలోచించే అంటున్నావా అని. బాపు నవ్వుతూ ఇంకోసారి చెప్పాడు. సేటు కొడుకు తండ్రి చెవిలో ఏదో గొణిగాడు. సేటు బస్తా మూతి కడుతూ, రేపటి నుంచి తమకు పాలు వద్దని, ప్యాకెట్ తెచ్చుకుంటామని మర్యాదగా చెప్పాడు.

బాపు స్కూటర్ స్టార్ట్ చేయకుండా తోసుకుంటూ సందు చివరిదాకా నడిచాడు. నేను పక్కన నడిచాను.

"నేనేమన్న బిడ్డా?"

చెప్పాను. పాలల్ల కల్తీ చేసినమని నీ నోటితోటి నువ్వే ఒప్పుకున్నవని, తెలుగులో, ఒక్క మాట దాచకుండా చెప్పాను.

ఆయన నన్ను తిట్టలేదు. హ్యాండిల్ మీద చేతులు అలాగే పెట్టి రోడ్డు వైపు చూశాడు.

"నువ్వు చెప్పమన్నవని చెప్పిన బిడ్డా" అన్నాడు. "ఇంకెవలన్న చెప్పమంటే, ముందుగాల గదేందో అడిగెటోన్ని."