భీంరావు కొనని ఏసీ

బాన్సువాడ భీంరావు ఏ వస్తువూ వెంటనే కొనడు. "ఆగుండ్రి, వచ్చే ఏడు ఇంతకంటె మంచిది వస్తది" అనడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత సహజం. తొంభైల్లో వాడంతా కలర్ టీవీలు చూస్తుంటే ఆయనింట్లో నలుపు తెలుపు బొమ్మలే. పదేళ్లు ఆలోచించి స్కూటర్ కొనబోయేసరికి కంపెనీవాళ్లు ఆ మోడలే ఆపేశారు. "చూసినవా, కొని ఉంటె మునిగిపోతుంటిమి" అని మురిసిపోయాడు. భార్య గంగమణి నెత్తి కొట్టుకుంది.

అలాంటి మనిషి కంట ఏసీల మీది స్టార్ల స్టికర్ పడింది. ఇంకేముంది, పండగే!

అది 2009 ఎండాకాలం. కూతురు సంగీత పురిటికొచ్చింది. గంగమణి పట్టుబట్టి మొగుణ్ణి తారాచంద్ దుకాణానికి లాక్కెళ్లింది.

"అయిదు స్టార్లదన్నా, కరెంటు తక్కువ తింటది" అన్నాడు తారాచంద్.

"జనవరి నుంచి స్టికర్ తప్పనిసరి అంటున్నరు గద. ఆ ఎనక లెక్క ఇంకా గట్టిజేస్తె గీ అయిదు మూడైతది. నా ఇంట్ల స్టార్లు రాలిపోతె నువ్వొచ్చి అతికిస్తవా?"

పక్కనే బేరం కుదుర్చుకుంటున్న కోటగిరి రైతు అది విని, "అయితె నేను గూడ ఆగుతనే" అని మెల్లగా జారుకున్నాడు.

తారాచంద్ చేతులు జోడించాడు. "అక్కా, అన్నను ఇంటికి తీస్కపో. నీకు పుణ్యముంటది."

మే నెలలో మనవడు పుట్టాడు. పసివాడి ఒళ్లంతా చెమటపొక్కులు. గంగమణికి ఏడుపొచ్చింది.

"ఓ సంగీత నాయినా! పోరడు ఉడికిపోతుండు. నీకు స్టార్లు గావాల్నా, మనవడు గావాల్నా?"

"జర ఆగే గంగా" అంటూ భీంరావు గొడుగేసుకుని ఎటో వెళ్లిపోయాడు. రోజూ ఇదే తంతు. కొత్త స్టార్ల ఆరా తీయడానికి పోతున్నాడని వాడవాళ్లు నవ్వుకున్నారు.

ఒకనాడు కరెంటువాళ్లు వచ్చి వాడ చివరున్న పాత ట్రాన్స్‌ఫార్మర్ దించి పెద్దది బిగించారు. ఆ సాయంత్రమే భీంరావు ఏసీతో దిగాడు. ఎన్ని స్టార్లో కూడా చూసుకోలేదు!

గోడకు బిగించడం అయ్యాక "స్విచ్చెయ్" అని కేకేసి, తాను మాత్రం పక్కింట్లోకి నడిచాడు. అక్కడ ముసలి పూలమ్మ ఉంటుంది. దమ్ము జబ్బుతో ఆయాసపడుతూ కూలికి పోలేక, పగలంతా టేబుల్ ఫ్యాను ముందే కూర్చుంటుంది. భీంరావు చెమటలు కక్కుతూ ఆ ఫ్యాను పక్కనే గొంతుక్కూర్చుని రెక్కల వంకే చూడసాగాడు.

స్విచ్ వేసి వచ్చి గోడ మీంచి తొంగిచూసిన గంగమణి బిత్తరపోయింది. "ఈయనకేమైంది?" అని వైరు సర్దుతున్న లైన్‌మన్ సమ్మన్నను అడిగింది.

"పాత ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏసీ ఏస్తె వోల్టేజి పడిపోయి పూలమ్మ ఫ్యాను ఆగిపోతదని అన్న ఫికరక్కా. కొత్తది బిగించేదాక రోజూ మా ఆఫీసుల్నే కూసున్నడు. ఎవలికీ చెప్పద్దన్నడు. పూలమ్మకు ఎరికైతె 'నా కోసం పసిపోరడు ఉక్కల ఉండుడేంది' అని ఆమె ఫ్యానే బందువెడ్తదట."

గంగమణికి కోపం, నవ్వు, ప్రేమ అన్నీ ఒక్కసారే పొంగుకొచ్చాయి. "నాకన్న చెప్పొచ్చు గద, ఊకె తిట్టిపిచ్చుకున్నడు!"

గోడవతల పూలమ్మ అడుగుతోంది: "ఏంది పటేలా, గట్ల జూస్తున్నవ్? నా ఫ్యాను కొంటవా ఏంది?"

భీంరావు ఆ మాట వినిపించుకోనే లేదు. "గంగా! ఫ్యాను మస్తు తిరుగుతుంది! పోరనికి ఇంకింత సల్లగ వెట్టు!"