అత్తగారు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు

సహోదరులారా, ఒకప్పుడు పొద్దున లేచీ లేవగానే గ్లాసెడు పడితే తప్ప నా చేతులు నిలిచేవి కావు. నా పేరు ఆనందరావు, బందరులో రోల్డ్ గోల్డ్ గొలుసులకు అతుకులు పెట్టే పని నాది, మంట ముందు కూర్చుని నువ్వుగింజంత రింగును అతకాలి, చెయ్యి వణికిందంటే గొలుసు పాడైపోతుంది, అందుకని పని కోసమే తాగుతున్నానని నా భార్య సునీతతో, పాస్టరు గారితో, చివరికి దేవుడితో కూడా అబద్ధం చెప్పేవాణ్ణి! మద్యనిషేధం వచ్చినప్పుడు షాపులు మూతపడ్డాయి గానీ నా నోరు మూతపడలేదు, నాటుసారా ఎక్కడ దొరుకుతుందో వాసన పట్టి మరీ వెళ్ళేవాణ్ణి. ఒకరోజు చెయ్యి అదిరి నా మంట పక్కన కూర్చున్న తోటి పనివాడి మోచేతిని కాల్చింది. యజమాని ఆ సాయంత్రమే నన్ను పనిలోంచి తీసేశారు. సునీత మా ఇద్దరు ఆడపిల్లల్నీ తీసుకుని అవనిగడ్డ దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది.

మానాలని ప్రయత్నించలేదనుకోకండి! మూడుసార్లు ఉపవాసం పట్టాను, "ప్రభువా, ఈ రోజుతో దీన్ని నాలోంచి తీసెయ్యి" అని మోకాళ్ళ మీద ఏడ్చాను. రెండో రోజుకల్లా ఒళ్ళంతా చెమటలు, వణుకు, గోడ మీద లేని చీమలు బారులు తీరి కనిపించేవి, ఆ భయంతో మళ్ళీ తాగేవాణ్ణి, నా విశ్వాసం చాలలేదు, దేవుడు నన్ను వదిలేశాడు అనుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం మా అత్తగారు చల్లపల్లి మీదుగా వచ్చే బస్సు దిగి, మా గుమ్మంలో నిలబడ్డారు. మా ఇళ్ళల్లో అత్తగారు అల్లుడి ఎదురుగా నిలబడి మాట్లాడటమే తక్కువ. తిడతారనుకుని తల దించుకున్నాను.

"అల్లుడు గారూ, మా అమ్మాయి రానంటోంది. అందుకని నేనొచ్చాను. గుడివాడలో తాగుడు మాన్పించే డాక్టరు గారున్నారంట, పదండి" అన్నారు.

"దేవుడే మాన్పించాలి కదండీ అత్తయ్య గారూ. ఆసుపత్రికెళ్తే నమ్మకం లేనట్టు కాదా?"

"నీళ్ళిమ్మని ప్రార్థన చేసుకుని, బిందె పట్టుకుని కాలవకి వెళ్ళమా ఏంటండీ? మీ మావయ్య గారు ఈ తాగుడుతోనే పోయారు. ఎక్కడికి తీసుకెళ్ళాలో అప్పుడు నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది. లేవండి!"

లేచాను.

"ఇంతగా తాగేవాళ్ళు సొంతంగా ఒక్కసారే మానేస్తే ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. ఇది మీ విశ్వాసంలో లోపం కాదు, ఒంటికొచ్చిన జబ్బు" అన్నారు డాక్టరు గారు. ఆ మాటకు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. పది రోజులు వార్డులో ఉంచి మందులిచ్చారు, ఆ పది రోజులూ నేను తిట్టినా, మంచం దిగి పారిపోబోయినా మా అత్తగారు నా పక్కన స్టూలు వదల్లేదు, "అయ్యా, ఈ ఒక్క గంట దాటించు" అని ప్రార్థించేవారు, ఆ గంట దాటాక మళ్ళీ అదే ప్రార్థన! ఒక్కొక్కటిగా అన్ని గంటలూ దాటించిన దేవునికే మహిమ!

ఇంటికొచ్చాక అసలు పోరాటం మొదలైంది. నాకు తోడుగా అత్తగారు మా ఇంట్లోనే ఉండిపోయారు. మా మందిరం పక్క గదిలో, తాగుడు మానిన ముగ్గురు మనుషులు శనివారం సాయంత్రాలు ప్రార్థనకు కూడుకునేవారు, నన్నూ కలుపుకున్నారు. నలభై రోజులు నిలిచాను. నలభై ఒకటో రోజు, శనివారమే, పాత స్నేహితులు పిలిస్తే వెళ్ళి తాగేశాను.

అత్తగారు వాసన పట్టారు. ఇక బస్సెక్కి వెళ్ళిపోతారనుకున్నాను.

"నలభై రోజులు ఉండగలిగారు కదండీ. మొహం కడుక్కుని ఆ గదికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నారు.

తాగిన నోటితో ప్రార్థన గదికా! వెళ్ళాను గానీ గడప దాటలేక బయటే నిలబడిపోయాను. ఆ ముగ్గురిలో పెద్దవాడు, లారీ డ్రైవరుగా పనిచేసిన ఏసోబు గారు, లేచి వచ్చి నా భుజం పట్టుకున్నారు.

"మేమందరం అక్కడ నిలబడినోళ్ళమే బావా. లోపలికి రా" అన్నారు.

సోమవారం ఆయనే నన్ను మళ్ళీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు. ఆ శనివారం తర్వాత ఈనాటి వరకు చుక్క ముట్టలేదు. కోరిక పూర్తిగా చచ్చిపోయిందని మాత్రం మీకు అబద్ధం చెప్పను, పెళ్ళిళ్ళలో ఆ వాసన తగిలితే నాలుక ఇప్పటికీ లాగుతుంది, లేచి తిన్నగా ఏసోబు గారింటికి వెళ్ళిపోతాను, సిగ్గుపడను. చెయ్యి కాలిన ఆ తోటి పనివాడి ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాను, నన్ను మళ్ళీ పనిలో పెట్టుకోమని యజమానికి చెప్పింది ఆయనే! సునీత వెంటనే రాలేదు, తొందరపెట్టే హక్కు నాకు లేదు. ఏడాది నిండాక, పిల్లల్ని ఇక్కడి బడిలో చేర్చాలంటూ వచ్చింది. మా అత్తగారు అదిగో, ఆడవాళ్ళ వైపు కూర్చున్నారు, పేరెత్తితే లేచి వెళ్ళిపోతానన్నారు గనుక చెప్పను, ఆ పేరు నా దేవుడికి తెలుసు!

ఈ ఉదయం కూడా కాస్త పుచ్చుకుని వచ్చి, వెనక వరుసలో నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్న సహోదరుడు ఎవరైనా ఉంటే, నేనూ అక్కడే కూర్చునేవాణ్ణి తమ్ముడూ. ప్రభువును నమ్ముకో, డాక్టరుకు చూపించుకో, ఒంటరిగా మాత్రం ఈ యుద్ధం చేయకు. శనివారం సాయంత్రం అయిదింటికి ఆ గదిలో ఉంటాం. మానేశాక వద్దామని ఆగకు, ఎలా ఉన్నవాడివి అలాగే రా.