బూడిదలో తేలిన మిరప గింజలు

2018లో నేను ఆలూరుకు దగ్గర్లోని ఒక పల్లె హైస్కూల్లో బయాలజీ చెప్పేదాన్ని. మాది రాజంపేట. కడప జిల్లాలో పుట్టి పెరిగాను కాబట్టి రాయలసీమంతా నాకు తెలుసనే ధీమాతో ఆ ఊళ్ళో బస్సు దిగాను. మొదటి రోజే ఆ ధీమా కాస్తా పోయింది. మేం చెనక్కాయలు అనే వేరుశనగల్ని అక్కడ బుడ్డలు అంటారు, డబ్బుల్ని దుడ్లు అంటారు. కన్నడం కలిసిన ఆ మాటతీరు నా చెవికి పట్టేసరికి దసరా వచ్చింది. దసరా తర్వాత నేర్చుకున్న మాట సుగ్గి.

వానలు చాలని ఆ పడమటి పల్లెల్లో సొంత చేలో పని అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి వెళ్తాయి. ఆ వలసనే సుగ్గి అంటారు. ఎండలు ముదిరాక గానీ తిరిగి రారు. అంతవరకూ కిటకిటలాడిన నా క్లాసు పళ్ళూడిన నోరులా తయారయ్యేది. చిన్నపిల్లలు తిరిగొచ్చి మళ్ళీ బళ్ళో కూర్చుంటారు గానీ, తొమ్మిదో తరగతి ఆడపిల్ల ఒకసారి సుగ్గికి వెళ్ళిందంటే పదో తరగతిలో కనబడటం అరుదు. హాజరు పిలిచేటప్పుడు జవాబు రాని పేర్లు వింటుంటే నాకు ఒంటికి కారం రాసుకున్నట్టు ఉండేది.

ఇక నా పిచ్చి సంగతి చెప్పాలి. చరిత్రకు ముందటి కాలం గురించిన పుస్తకం ఎక్కడ కనిపించినా కొనకుండా ఉండలేను. "అమ్మా, బయాలజీ టీచరుకు రాతియుగంతో ఏం పని?" అని మా హెడ్‌మాస్టారు ఆటపట్టించేవారు. మనిషి ఏం తిన్నాడు, ఏ జంతువును మచ్చిక చేసుకున్నాడు, ఏ గడ్డి గింజను పంటగా మార్చాడు అన్నది బయాలజీ కాకపోతే మరేమిటని నేను ఎదురు వాదించేదాన్ని. వాదనలో ఆయన ఓడిపోలేదు గానీ విసిగిపోయి, శనివారం చివరి పీరియడు నాకు వదిలేశారు. ఆ పీరియడులో ఇంగ్లీషు పుస్తకాలు ముందు పెట్టుకుని, బొమ్మలు చూపిస్తూ, పిల్లలకు తెలుగులో కథలా చెప్పేదాన్ని.

ఒక శనివారం తొమ్మిదో తరగతికి మన దక్కను తొలి రైతుల గురించి చెబుతున్నాను. వేల ఏళ్ళ కిందట ఈ చుట్టుపక్కలే ఆవుల్ని, మేకల్ని కాచుకుంటూ, ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించుకుని తిన్నారని అన్నానో లేదో, రెండో బెంచీలో రజియా లేచి నిలబడింది. కూలి పనులకు వెళ్ళే మస్తాన్ కూతురు. జవాబు నచ్చేదాకా కూర్చోని రకం.

"మేడం, వాళ్ళకు రాసేది రాదు గదా. ఉలవలు తిన్న్యారని ఎవరు జెప్పినారు?"

ఎన్నేళ్ళు పాఠం చెప్పినా ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు కలిగే ఆనందం వేరు. పొయ్యి చెప్పిందన్నాను. తవ్వకాల్లో దొరికే మొక్కల ఆనవాళ్ళను చదివే శాస్త్రాన్ని ఆర్కియోబాటనీ అంటారు. వండేటప్పుడు పొయ్యిలో జారిపడిన గింజ పూర్తిగా బూడిద కాకుండా బొగ్గుగా మారితే అది ఇక కుళ్ళదు, దానికి పురుగు పట్టదు. పాత పొయ్యిల దగ్గరి మట్టిని నీళ్ళలో కలిపితే మట్టి అడుక్కి దిగుతుంది, బొగ్గయిన గింజ పైకి తేలుతుంది. ఈ పద్ధతి పేరు ఫ్లోటేషన్. తేలినదాన్ని గుడ్డలో వడగట్టి, ఆరబెట్టి, భూతద్దం కింద ఏ గింజో పోల్చుకుంటారు.

"మా ఇంటి బూడిదతో జేస్తే తేల్తాదా మేడం?" అంది రజియా.

"తీసుకురండి, చూద్దాం."

సోమవారం క్లాసంతా బూడిద పొట్లాలతో వచ్చింది. బకెట్లు, పాత పంచె ముక్కలు, ల్యాబులో ఉన్న భూతద్దాలు పట్టుకుని చెట్టు కింద చేరాం. ఒక్కొక్కరి బూడిద నీళ్ళలో పోసి కలుపుతుంటే పిల్లలు తిరునాళ్ళలో రంగుల రాట్నం చూసినట్టు చూస్తున్నారు. నల్లటి కంది బద్ద తేలితే ఒక కేక, జొన్న గింజ తేలితే ఇంకో కేక. వీరేశ్ వాళ్ళ బూడిదలో మాత్రం అడుగున ఒక సన్నటి ఎముక దొరికింది. కోడి ఎముక.

"మా ఇంట్లో కోడి కోసి శానా దినాలాయె మేడం!" అన్నాడు వాడు. అంటూనే వాడి ముఖం మారింది. "శుక్రవారం నన్ను మా మామ వాళ్ళూరికి పంపిచ్చిరి. అందుకా! మోసం జేసినారు మేడం!"

క్లాసంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వులోనే రజియా తన పొట్లం విప్పింది. ఆమె బూడిదలో తేలిన గింజలు చిన్నగా, పల్చగా, గుండ్రంగా ఉన్నాయి. కందులు కావు, కొర్రలు కావు. భూతద్దం తీసుకుని చూసింది. "మిరప గింజలు మేడం" అని తనే తేల్చింది.

"మిరపకాయలు పొయ్యిలో ఎందుకు పడతాయి?" అని అడిగాను, పాఠంలో భాగంగానే.

"మా జేజి దిష్టి తీసి ఏసింది మేడం."

"మీ నానమ్మ ఎవరికి తీసింది?"

"అందరికీ. మేము సుగ్గికి పొయ్యే ముందర ఇంటిల్లిపాదికీ తీస్తాది. ఈ బేస్తవారం పోతాండాం." ఆ మాట చెప్పి ఆగలేదు. గింజల్ని కాగితం మీద ఒక పక్కకు జరుపుతూ అంది: "మేడం, ఇంకా శానా ఏండ్లకు మా పొయ్యి ఎవరన్నా తవ్వితే, ఈ గింజలు జూసి వీళ్ళు ఊరిడిసి పోయినారని కనిపెట్టొచ్చు గదా?"

ఎంత చక్కటి ఊహ! ఆనవాలును పట్టుకుని మనుషుల దాకా వెళ్ళడమే కదా ఆ శాస్త్రమంతా. ఏ పుస్తకమూ చెప్పకుండా ఆ పిల్ల దాన్ని అందుకున్నందుకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అంతలోనే గురువారం నుంచి ఆ బెంచీ ఖాళీ అన్నది గుర్తొచ్చింది. "కనిపెట్టొచ్చు" అని మాత్రం అనగలిగాను.

బుధవారం తల్లిదండ్రుల మీటింగు ఉంది. ఆ రోజు తొలి రైతుల భోజనం వండి పెడదామని పిల్లలే పట్టుబట్టారు. జొన్న రొట్టె, బుడ్డల పచ్చడి, టమోటా పప్పు అని బోర్డు మీద రాశారు. నేను సుద్దముక్క తీసుకుని ఒక్కొక్కటే కొట్టేశాను. జొన్న ఆఫ్రికాలో పుట్టింది, ఆ తొలినాళ్ళకు ఇంకా ఇక్కడికి రాలేదు. బుడ్డలు, టమోటా, మిరపకాయ సముద్రాలు దాటి పోర్చుగీసు వాళ్ళ కాలంలో వచ్చాయి.

"మిరపకాయ గూడానా?" అన్నాడు వీరేశ్, ఎవరో పోయారని విన్నట్టు.

"ఎర్రగడ్డలన్నా ఏద్దాం మేడం."

"ఉల్లిపాయలూ బయటనుంచి వచ్చినవే."

"మల్ల వాళ్ళు ఏం తిని బతికినారు మేడం!"

ఇంతలో రజియాకు అసలు సందేహం వచ్చింది. "మిరపకాయలు లేనప్పుడు దిష్టి దేనితో తీసిరి మేడం?" పుస్తకమంతా తిరగేశాను. దాని గురించి ఒక్క ముక్క లేదు.

ఆ సోమవారం సాయంత్రమే మస్తాన్ ఇంటికి వెళ్ళాను. అతను కోపిష్టి కాదు, మొండివాడూ కాదు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి తను గడప మీద కూర్చున్నాడు.

"సదువుకు నేను అడ్డం గాదు మేడమ్మా. ఒంటి పిల్లను యాడ ఇడిసిపెట్టి పోవల్ల? మా యమ్మ ఉండాదనుకుంటే, ఆమెకు పొయ్యి కాడ కూసునేది చేతగాదు. అందుకే ఆమెను గూడా ఎంటబెట్టుకోని పోతాం."

"హాస్టల్లో చేర్పిద్దాం మస్తానప్పా."

"ఆడపిల్లను హాస్టలుకు పంపను మేడమ్మా. ఆ మాట మాత్రం అడగొద్దండి."

వాళ్ళమ్మ హుసేన్‌బీ, రజియా జేజి, మూలన కూర్చుని దగ్గుతూ మా మాటలు వింటోంది. నా దగ్గర ఇంకే ఉపాయమూ లేకపోయింది. బుధవారం అందరూ బడికి రండి, మీ పాప చేతి వంట తిని పోండి అని చెప్పి వచ్చేశాను. తిరిగొచ్చే దారిలో నా మీద నాకే చిరాకు వేసింది. ఎప్పుడో చచ్చిపోయిన మనుషులు ఏం తిన్నారో చెప్పగలను గానీ, కళ్ళ ముందున్న పిల్లను నిలబెట్టుకోలేకపోతున్నాను.

బుధవారం బడి వెనక మూడు రాళ్ళ పొయ్యిలు వెలిగాయి. ఆదోని నుంచి తెప్పించిన అండుకొర్రలతో అన్నం, ఉలవకట్టు, పెసల గుగ్గిళ్ళు, నెయ్యి, మజ్జిగ, రేగుపళ్ళు. వంటకు పెద్ద రజియానే. పిల్లలు విస్తళ్ళు వేసి, ఏ వంటకం ఎందుకు పెట్టారో, ఏది ఎందుకు పెట్టలేదో వివరిస్తూ వడ్డించారు. పెద్దలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏమప్పా ఇది, జరమొచ్చినోళ్ళకు పెట్టే పథ్యం మాదిరి ఉండాది!" అన్నాడు వీరేశ్ నాన్న. కోడి సంగతి అప్పటికే ఊరంతా పాకింది కాబట్టి ఆయన గొంతు కాస్త తగ్గించే మాట్లాడాడు. హెడ్‌మాస్టారు మర్యాదకు "బాగుందమ్మా" అని మజ్జిగ కోసం చేయి చాపారు. ఒక తల్లి ఎవరూ చూడకుండా కొంగు ముడి విప్పి పచ్చిమిరపకాయ బయటికి తీసింది. రజియా గరిటెతో సహా అక్కడికి పరిగెత్తింది.

"అక్కా, అది దాసిపెట్టు! అది ఇంకా మన దేశానికి రాలేదు!"

అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంటే వరండా చివర నుంచి ఒక గొంతు వినిపించింది. "రొంత అన్నం ఎయ్యే పాపా. ఆ ఉలవకట్టు గూడా పొయ్." హుసేన్‌బీ. ఆమె విస్తరి నాకినట్టు ఖాళీగా ఉంది. రెండోసారి అడిగింది ఆ పూట ఆమె ఒక్కతే.

"జేజీ, బాగుండాదా?" అంది రజియా నమ్మలేనట్టు.

"శానా బాగుండాదే. నోరు మండకుండా కడుపు నిండి ఎన్నేండ్లాయెనో!" అంటూ రెండో వడ్డనా పూర్తి చేసి, చేయి కడుక్కుని, కొడుకు వైపు తిరిగింది. "మస్తానూ, నేను గుంటూరుకు రాను పో. ఆ కల్లాల్లో మిరప ఘాటుకు దగ్గి దగ్గి నా పాణం పోతాది. ఈ పిల్ల ఇట్ల వండిపెడితే ఈడనే ఉంటా. దానికి నేను తోడు, నాకు అది తోడు."

మస్తాన్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఇన్నేండ్లు ఏంటికి చెప్పలేదు మా?"

"ఏం జెప్పల్ల? కారం లేకుండా వండేది మీ ఇంట్లో ఎవరికన్నా వస్తాదా? తినను లేక, ఈడ ఒంటిగా ఉండను లేక మీ ఎంట వస్తాంటి."

మళ్ళీ నవ్వులు. మస్తాన్ నవ్వలేదు. తల్లిని చూశాడు, కూతుర్ని చూశాడు. రజియా గరిటె పట్టుకుని తండ్రినే చూస్తూ నిలబడింది. నేనూ అంతే.

"రాత్రి పూట తలుపేసుకోని పండుకోవల్ల" అన్నాడు చివరికి, కూతురితో. ఆ తర్వాత నా వైపు తిరిగి, "దాన్ని మీ చేతిలో పెట్టి పోతాండా మేడమ్మా" అన్నాడు.

నాకు కళ్ళు చెమర్చాయి. పొయ్యి పొగ అని చెప్పి తప్పించుకున్నాను. మస్తాన్ మాత్రం మిగిలిన అన్నం తింటూ, "అయినా రొంత కారం ఉంటే బాగుండు" అన్నాడు.

గురువారం సుగ్గికి వెళ్ళేవాళ్ళతో లారీ బయల్దేరింది. రజియా వాళ్ళ అమ్మానాన్నల్ని సాగనంపి, ఏడ్చిన కళ్ళతోనే వచ్చి రెండో బెంచీలో కూర్చుంది. హాజరు పిలిచినప్పుడు ఆమె పేరుకు జవాబు వచ్చింది. ఆ చలికాలమంతా నేను రోజూ వాళ్ళ ఇంటి మీదుగానే నడిచి వెళ్ళేదాన్ని. జేజి దగ్గు తగ్గింది. కారం లేని వంటల్లో రజియా చేయి తిరిగింది.

ఆ ఏడాది నుంచి నా పాఠం చెప్పే తీరు మారింది. అంతకుముందు ఫ్లోటేషన్ అంటే నాకు పాతకాలపు మనుషుల్ని తెలుసుకునే దారి. ఇప్పుడు ప్రతి ఏటా దసరాకు ముందే పిల్లలచేత బూడిద తెప్పిస్తాను. లారీ ఎక్కే ముందు ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి నాకు అదొక వంక. తెలిశాక ఆ ఇంటికి వెళ్తాను. వెళ్ళిన ప్రతిచోటా పని జరుగుతుందని చెప్పను. కానీ గుమ్మం తొక్కకుండా ఏ ఇంటి కష్టం ఎక్కడ ముడిపడి ఉందో తెలియదని హుసేన్‌బీ విస్తరి ముందు నేర్చుకున్నాను. నేను చదువు గురించి వాదిస్తుంటే, అక్కడ ముడి కారంలో ఉంది.

వేసవి సెలవుల ముందు చివరి రోజు రజియా ఒక బూడిద పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. సుగ్గి నుంచి మస్తాన్ వాళ్ళు ఇంకా రాలేదు. ఇద్దరం బకెట్టు దగ్గర కూర్చున్నాం. నల్లటి ఉలవలు తేలాయి, అండుకొర్రలు తేలాయి, ఒక పెసర గింజ తేలింది.

"మేము ఈ యేడు ఈడనే ఉన్న్యామని ఎవరు తవ్వినా తెలుస్తాది గదా మేడం" అంది గర్వంగా.

వడగట్టిన గుడ్డ మీద ఓ మూల నాకు ఇంకేదో కనిపించింది. భూతద్దం పెట్టి చూశాను. పల్చగా, గుండ్రంగా, రెండు మిరప గింజలు.

"మళ్ళీ దిష్టి తీసిందా జేజి? ఎక్కడికి పోతున్నారు?"

రజియా నవ్వు ఆపుకోలేకపోయింది.

"యాడికీ లేదు మేడం. పరీచ్చల్లో క్లాసుకంతా ఫస్టొచ్చినానని నాకొక్కదానికే తీసింది."