పొలిమేర గీత దగ్గర సూదిమందు

ఆస్పరి దగ్గరి ఆ పల్లెలో హుసేనప్ప బండి తెలియనివాళ్ళు లేరు. ఆదోని జిన్నింగు మిల్లులకు పత్తి తోలడం, తొలకరికి తన చేనుతోపాటు ఎద్దుల్లేని వాళ్ళ చేలూ దున్నిపెట్టడం, అదీ ఆయన బతుకు. హుసేనప్ప, మారెమ్మ దంపతులకు పిల్లల్లేరు. ఉన్న రెండెద్దులే ఆస్తీ, సంతానమూ.

పందొమ్మిది వందల యాభై ఆరో ఏడు ఎండాకాలంలో పక్క ఊళ్ళకు పశువుల పెద్దరోగం వచ్చింది. నోళ్ళు పుండ్లు పడి, పారుకుని, దొడ్లకు దొడ్లే ఖాళీ అయ్యాయి. దాంతో పెద్దలు ఊరు కట్టేశారు. పొలిమేరలో దారికి అడ్డంగా బూడిద గీత గీశారు. అమ్మవారి పూజ అయ్యేదాకా బయటివాళ్ళు రాకూడదు, ఊళ్ళోవాళ్ళు పోకూడదు. కాపలా హుసేనప్పది. కర్ర పట్టుకున్నాడంటే కలెక్టరొచ్చినా కదలడు.

వచ్చింది ఆదోని పశువుల డాక్టరు. సైకిలు మీద, మంచుగడ్డల పెట్టెలో టీకామందు పెట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు.

"గీత దాటితే కాళ్ళిరగ్గొడతా!" అన్నాడు హుసేనప్ప. డాక్టరు ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. మంచు కరిగిపోతుంటే పాపం ఆయన వెనక్కి తిరిగాడు.

మర్నాడే ఊళ్ళో చిన్నప్ప ఆవు చొంగ కారుస్తూ కూలబడింది. హుసేనప్పకు పై ప్రాణాలు పైనే పోయాయి. తరిమేసిన మనిషిని ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు?

పిలవకుండానే సైకిలు మళ్ళీ వచ్చింది.

"మీ కట్టు మంచిదేనయ్యా," అన్నాడు డాక్టరు. "రాకపోకలు లేకుంటే రోగమూ పాకదు. నేను లోపలికి రాను. ఎద్దుల్నే గీత దగ్గరికి తోలుకురా."

"నిన్న అంత మాటన్నా గదా సామీ, మల్లా వచ్చినావా?"

"ఎద్దులు నన్నేమీ అనలేదు కదా!"

హుసేనప్ప కళ్ళు మూసుకుని కొమ్ములు పట్టుకున్నాడు. గీత అవతలినుంచే డాక్టరు చెయ్యి చాపి సూది వేశాడు. అది చూసి ఊరి పశువులన్నీ వరస కట్టాయి. చిన్నప్ప ఆవు దక్కలేదు. మిగతావి గండం గట్టెక్కాయి. తొలకరికి హుసేనప్ప ఎద్దులు ఊరంతా దున్నాయి.

పంట ఇంటికొచ్చాక మారెమ్మ కాల్చిన తొలి జొన్నరొట్టెలు మూటగట్టుకుని హుసేనప్ప ఆదోని ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరు రొట్టె తుంచుకుని నోట్లో పెట్టుకునేసరికి హుసేనప్పకు ఏడుపు ఆగలేదు.

"కరువొచ్చినా, ఎద్దులు పోయినా బీగాలేసుకుని వలస పొయ్యేవాళ్ళం సామీ," అన్నాడు. "ఈ ఏడు మా ఊర్లో ఒక్క ఇంటికి గూడా బీగం పడలే."