ఆల్ట్ కీ వదల్లేదని రాసిన కాగితం

మస్కట్‌లో బౌషర్ వైపున్న మా నిర్మాణ కంపెనీ హెడ్డాఫీసులో నేను కంప్యూటర్లు చూసేవాణ్ణి. తొంభైల చివర్లో, ఒమన్‌కు ఆ చివరనున్న సలాలా సైటు హాజరు పట్టీలన్నీ మా దగ్గరున్న పెద్ద మిషన్‌లోకి మార్చారు. అక్కడి టైమ్‌కీపర్ మా మిషన్ తెరను ఫోన్ లైను మీద తన కంప్యూటర్లోకి తెచ్చుకుని పనిచేయాలి.

ఆ టైమ్‌కీపర్‌ది జగిత్యాల దగ్గర ఊరు. మొదట స్లాబులకు ఇనుము కట్టేవాడు. కడ్డీలు కోసే మిషన్లో కుడిచేతి వేళ్లు మూడు పోతే కంపెనీ ఆఫీసులో కూర్చోబెట్టింది. ఎడమచేత్తో టైపు నేర్చుకున్నాడు. మౌస్ పట్టుకుంటే టైపుకు చెయ్యి మిగలదు. అందుకని ఆల్ట్ నొక్కి ట్యాబ్ కొట్టి ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి వెళ్లేవాడు. ఏ పనికైనా అలాంటి కీలే.

మార్చిన వారంలోనే ఫోన్ చేశాడు. నాకంటే పదేళ్లు పెద్ద, అయినా సార్ అనేవాడు.

"సార్, ట్యాబ్ కొడితే నా దిక్కు విండో మారుతున్నది, మీ దిక్కుది మారుతలేదు. మల్ల వచ్చి పేరు కొట్టవోతే పట్టీ మొత్తం మూసుకపోతున్నది."

మా మిషన్లో చూస్తే ఆల్ట్ ఇంకా నొక్కే ఉన్నట్టుంది.

"ఆల్ట్ మీంచి వేలు తీశావా అన్నా?"

"తీసిన సార్."

"కుడిచెయ్యేమైనా ఆనుతోందేమో చూడు."

"ఆ చెయ్యి ఒళ్లె వెట్టుకున్న సార్."

కీబోర్డు మార్పించాను. అయినా అంతే. కూలీల హాజరు రెండుసార్లు పోయింది. కారణం రాసిమ్మన్నాడు మేనేజరు. మిషన్లో లోపం లేదనీ, చేతి ఇబ్బంది వల్ల ఆపరేటర్ ఆల్ట్ కీ సరిగా వదలడం లేదనీ రాసిచ్చాను. నమ్మే రాశాను. అలా నమ్మడం తేలిక.

తర్వాతి వారం సహం సైటులో అదే ఏర్పాటు చేయడానికి వెళ్లి, నేనే కూర్చుని పరీక్షించాను. ఆల్ట్ నొక్కి ట్యాబ్ కొట్టి రెండూ వదిలేశాను. ఒక్క అక్షరం కొట్టగానే విండో మూసుకుపోయింది. చేతులు రెండూ బాగున్నవాణ్ణి నేను.

అప్పుడర్థమైంది. ఆల్ట్ నొక్కిన సంగతి మస్కట్‌కు చేరుతోంది. ట్యాబ్‌ను మాత్రం సైటులో మన ముందున్న కంప్యూటరే లాక్కుని తన విండో మార్చేసుకుంటోంది. ఆ తర్వాత వేలు తీసినా ఆ సంగతి మస్కట్‌కు చేరదు. ఇంకా నొక్కే ఉందనుకుని మా మిషన్ ప్రతి అక్షరాన్నీ ఆర్డరుగా తీసుకుంటోంది. విండో మార్చే పనిని వేరే కీకి మారిస్తే సరిపోయింది. సెట్టింగుల ఫైల్లో నాలుగు వరుసలు మార్చానంతే.

అక్కణ్ణుంచే సలాలాకు ఫోన్ చేశాను. స్టోర్లో పనిచేసే హైదరాబాదీ ఎత్తాడు. "వో తో గయా భాయ్," అన్నాడు. నేను రాసిచ్చిన కాగితం మీదే ఆయన వీసా క్యాన్సిల్ చేసి మొన్ననే ఇంటికి విమానం ఎక్కించారట.

నేను రాసింది తప్పని మేనేజరుకు చెప్పాను.

"ఇప్పుడు పనిచేస్తోంది కదా?" అన్నాడు.

"చేస్తోంది సార్. ఆయన తప్పు లేదు, వెనక్కి పిలిపించండి."

"ఆ సీట్లోకి మనిషి వచ్చేశాడు," అని వేరే ఫైలు అందుకున్నాడు.

జగిత్యాలకు ఉత్తరం రాశాను, తప్పు నాదేనని. రెండు నెలలకు జవాబొచ్చింది. ఆ ఉత్తరం ఇంట్లో అందరికీ చదివి వినిపించాడట. ఎక్కడన్నా పనుంటే చెప్పమన్నాడు. రెండు కంపెనీల్లో అడిగాను. చెయ్యి సంగతి విని వద్దన్నారు. ఆ మాట ఆయనకు రాయలేకపోయాను.