షూటింగ్ లేని రోజు మాత్ర

ఫిల్మ్ నగర్ జూనియర్ ఆర్టిస్టు కౌసల్యకు బీపీ మాత్ర వేసుకుంటే మాటిమాటికీ ఒంటికి వెళ్లాల్సి వచ్చేది. ఆకాశమంత సెట్టు వేసేవాళ్లకు గుంపులో నిలబడే ఆడవాళ్లకొక మరుగుదొడ్డి కట్టాలని తోచదు. అందుకే షూటింగ్ ఉన్న రోజు ఆమె మాత్ర మానేసేది.

"రోజూ ఏసుకోవాలన్నడు గదా డాక్టరు," అని కూతురు మనోజ పోరేది.

"నాకేమైంది బిడ్డా, తలనొప్పి గూడ లేదు. ఇంటికాడున్ననాడు ఏసుకుంట తియ్."

ఊరికి సాఫ్ట్‌వేర్ మోజు పట్టాక సినిమాల్లోనూ అద్దాల ఆఫీసులే. వాటిని ఊడ్చే ఆయా వేషం ఒక నెలంతా కౌసల్యకు రోజూ దొరికింది. నెలాఖరున సెట్లోనే కుప్పకూలింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మూతి వంకరపోయింది.

ఇప్పుడు మనోజ రోజూ మాత్ర నోట్లో వేసి నీళ్లు పట్టిస్తోంది. ఇక కౌసల్యకు అన్నీ షూటింగ్ లేని రోజులే.