టీవీలో రాని సగం

ఆసుపత్రి వెనకవైపు, మందుల వాసన తగ్గి సబ్బు వాసన మొదలయ్యే చోట, దుప్పట్లు ఉతికే పెద్ద గది ఉంది. పగలంతా అక్కడ యంత్రాలు గుర్రుమంటూనే ఉంటాయి. ఆ చప్పుడును మించి వినబడే గొంతు ఒకటే ఉండేది. అందుకే ఆ అమ్మాయిని అందరూ రేడియో అనేవారు. ఆమె అసలు పేరు సూపర్‌వైజరు హాజరు వేసేటప్పుడు తప్ప ఎవరి నోటా వచ్చేది కాదు.

ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు గాని, రేడియోకి అభిప్రాయం లేని విషయం ఈ భూమ్మీద లేదు. అది ఆమెకు తండ్రి దుకాణంలో అబ్బింది. ఆయన జుట్టు కత్తిరిస్తాడు. తల్లి లేని పిల్ల కాబట్టి బడి అయ్యాక ఆ దుకాణం బెంచీ మీదే పెరిగింది. చెంపల నిండా సబ్బు నురగతో మగవాళ్ళు ప్రభుత్వాలను కూల్చడం, హీరోలను లేపడం, ఆటగాళ్ళను జట్టులోంచి తీసేయడం వింటూ పెరిగింది. తండ్రి మాత్రం దేనికీ అవుననీ కాదనీ అనేవాడు కాదు. ఎందుకు నాన్నా అని అడిగితే, కత్తి చేతిలో ఉన్నవాడు వాదనకు దిగకూడదమ్మా అని నవ్వేవాడు. ఆయన మింగిన మాటలన్నీ కూతురి నోట్లోంచి వస్తున్నాయని దుకాణానికి వచ్చేవాళ్ళు వేళాకోళమాడేవారు.

దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని విదిలించి, దగ్గరికి వచ్చి కొసలు కలిపి, మళ్ళీ దూరం జరగాలి. రేడియోకి జోడీ పెద్దక్క. అక్కడ ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి. నిండుగా ఉంటుంది, నిదానంగా నడుస్తుంది. దగ్గరికి వచ్చినప్పుడల్లా రేడియో ఒక మాట అనేది, దూరం జరిగేలోపు పెద్దక్క నవ్వేది.

"హీరోగారికి అరవై, ఆ అమ్మాయికి నా వయసు. పాటలో ఇద్దరూ కొండెక్కుతుంటే నాకు ఆయన మోకాళ్ళ గురించే బెంగక్కా."

ఇంకో దుప్పటికి, పాటల పోటీలో ప్రతి ఆదివారం ఏడ్చే న్యాయనిర్ణేత వంతు. ఆవిడ కళ్ళకి నీళ్ళ ట్యాంకరు ఎవరు పంపిస్తున్నారో కనుక్కోవాలనేది. ఆ తరవాతి దుప్పటికి మంత్రిగారు. రిబ్బను కత్తిరించడానికి వచ్చినంత చురుగ్గా ఆయన ఇంకే పనికీ రాడనేది. నీ నాలుకకు నరం లేదే అని పెద్దక్క కసిరేది గాని, రేడియో సెలవు పెట్టిన రోజున ఆమెకు పొద్దు గడిచేది కాదు.

పెద్దక్కకు ఒక్కటే బలహీనత. సినిమాల్లో కలిసి నటించి, కలిసి కాపురం పెట్టిన ఒక జంట అంటే ప్రాణం. తన పెళ్ళయిన ఏడాదే వాళ్ళ పెళ్ళీ అయింది. వాళ్ళను ఏమైనా అంటే ఊరుకునేది కాదు.

ఆసుపత్రికి, రేడియో, పెద్దక్క ఉండే పేటకు మధ్య ఏరు ఉంది. దాని మీద పాత వంతెన. రేడియో నడిచి వస్తుంది కాబట్టి, పిట్టగోడ కింద పడిన బీటను ఆమె మొదటే చూసింది. అప్పుడది వెంట్రుక మందాన ఉంది. వానలు పడ్డాక అందులో వేలు పట్టింది. ఆ తరవాత అరచేయి పట్టింది. లారీ పోతే కాళ్ళ కింద వంతెన వణికేది. నగరపాలక కార్యాలయానికి వెళ్ళి చెబితే, అక్కడి గుమాస్తా ఇంజనీర్లు చూసుకుంటారులే అని పంపేశాడు. అప్పటినుంచి ఆమె చుట్టుదారిన రావడం మొదలుపెట్టింది. పెద్దక్కకూ చెప్పింది. ఎప్పుడు చెప్పింది? దుప్పట్లు మడుస్తూనే. న్యాయనిర్ణేత కన్నీళ్ళకూ మంత్రిగారి కత్తెరకూ నడుమ ఒక దుప్పటి మీద చెప్పింది. చుట్టుదారంటే రెండు బస్సులు మారాలి, ఈ మోకాళ్ళతో నావల్ల కాదే తల్లీ అని పెద్దక్క తరవాతి దుప్పటి అందుకుంది.

అంతలో ఆ సినిమా జంట విడిపోతున్నారని కబురు పొక్కింది. దేశంలో ఇంకే పనీ లేనట్టు అందరూ దాని మీద పడ్డారు. పెద్దక్క రెండు పూటలు సరిగ్గా తినలేదు. ఒక చానెల్ నుంచి విలేకరి వచ్చి ఆసుపత్రి గేటు దగ్గర దారిన పోయేవాళ్ళ అభిప్రాయాలు అడుగుతోంది. ఆమెదీ ఇంచుమించు రేడియో వయసే. చెప్పులు అరిగిపోయి ఉన్నాయి. మైకు కనబడితే రేడియో ఊరుకుంటుందా? ముందు వంతెన గురించి చెప్పింది. బీట ఎక్కడుందో, ఎంతుందో, లారీ పోతే ఏమవుతుందో అన్నీ చెప్పింది. విలేకరి శ్రద్ధగానే వింది. చివర్లో మాత్రం, మరి వాళ్ళ విడాకుల సంగతేమంటారని అడిగింది.

రేడియో భుజాలు ఎగరేసింది. "వాళ్ళకేం, రెండిళ్ళున్నాయి, ఎవరింటికి వాళ్ళు పోతారు. మాకున్నది ఒక్క వంతెన, అది పోతే మేమెటు పోవాలి?"

విలేకరి పకపకా నవ్వింది. కెమెరా పట్టుకున్నతను కూడా నవ్వాడు. తన మాట తగలాల్సిన చోట తగిలిందని రేడియో సంబరపడింది.

సాయంత్రం టీవీలో వచ్చింది. భుజాలు ఎగరేయడం, రెండిళ్ళున్నాయి, ఎవరింటికి వాళ్ళు పోతారనడం, అంతే. వంతెన లేదు. ఆ ముక్కే ఫోన్ల మీదికి ఎక్కి ఊరూ వాడా తిరిగింది. ఎవరో దానికి సంగీతం కట్టారు. చిన్నపిల్లలు భుజాలెగరేసి ఆ మాట అనడం నేర్చారు. అభిమానులు కొందరు బూతులు రాశారు. పెద్దక్క కొన్నాళ్ళు ముఖం ముడుచుకుని దుప్పట్లు మడిచింది. ఆ తరవాత తనే మెత్తబడి, నా జోడీ టీవీలో వచ్చిందని వార్డుల్లో నర్సులకు చెప్పుకుంది.

రేడియో విలేకరికి ఫోను చేసింది. వంతెన ముక్క ఎందుకు వేయలేదని అడిగింది. విలేకరి దాచుకోకుండా చెప్పింది. "నేను పంపాను. మా ఎడిటర్ తీసేశారు. వంతెన కూలితే వార్త గాని, బీటపడితే వార్త కాదన్నారు."

సరే, నేనే చెబుతానని రేడియో వంతెన దగ్గర నిలబడి, బీటలో చెయ్యి పెట్టి చూపిస్తూ ఫోనులో వీడియో తీసి పెట్టింది. వేలమంది చూశారు. కింద అందరూ రాసింది ఒకటే: ఆ డైలాగ్ మళ్ళీ చెప్పు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. తరవాత ఒక వినోద కార్యక్రమం వాళ్ళు పిలిచారు. వంతెన సంగతి చెప్పడానికి ఇంతకంటే మంచి అదును దొరకదని వెళ్ళింది. ముఖానికి రంగు వేశారు, దీపాల కింద నిలబెట్టారు. భుజాలు ఎగరేసి మాట చెప్పమన్నారు. చెప్పింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. రెండో సగానికి నోరు తెరిచేసరికి వెనకనుంచి సంగీతం మొదలైంది. అందులో దాపరికం ఏముంది, ఇంటికి వచ్చే దారిలో ఆ చప్పట్లు చెవుల్లో మోగుతుంటే ఆమెకు బాగానే అనిపించింది.

వంతెన ఒక పనిరోజున, పొద్దున జనమంతా పనికి పోయే వేళ కూలింది. నిండు బస్సుతో సహా ఏట్లోకి పోయింది.

రేడియో అప్పటికే పనిలో ఉంది. మొదటి దుప్పటి కొస పట్టుకుని జోడీ కోసం చూస్తోంది. పెద్దక్క ఎప్పుడూ ఆలస్యం చేసే మనిషి కాదు. ఇంతలో సూపర్‌వైజరు పరుగున వచ్చి, ఉతికిన దుప్పట్లు ఎన్నుంటే అన్నీ పైకి పంపమన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, సైరన్లు వినబడుతూనే ఉన్నాయి. ముందురోజు వాళ్ళిద్దరూ మడిచి పేర్చినవి బళ్ళకెత్తి రేడియోనే తోసుకుపోయింది. నేల మీద వరసగా పడుకోబెట్టిన వాళ్ళ మీద ఒక్కొక్కటీ కప్పుతూ పోయింది. ఒకచోట ఆగింది. మడత విప్పకుండా ఆ దుప్పటిని గుండెకు అదుముకుని అలాగే నిలబడిపోయింది. చివరికి ఒక నర్సు వచ్చి ఆమె చేతుల్లోంచి తీసుకుని పెద్దక్క మీద కప్పింది.

మధ్యాహ్నానికి అధికారులు వచ్చారు. ఇలా జరుగుతుందని ముందుగా ఎవరూ తమ దృష్టికి తీసుకురాలేదని గేటు దగ్గర చెప్పారు. జనంలోంచి రేడియో ముందుకు వచ్చి, నేను చెప్పానండీ అంది. వాళ్ళ వెనకున్న ఒకతను ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వు రెండిళ్ళ అమ్మాయివి కదూ?" అన్నాడు. అంత ఏడుపులోనూ పక్కనున్న ఒకరిద్దరి పెదవులు కదిలాయి. ఆ తరవాత ఆమె ఏం చెప్పినా ఎవరికీ ఎక్కలేదు.

అదే విలేకరి మళ్ళీ వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. రేడియో ఆమెను పక్కకు తీసుకుపోయి, ఆ రోజు తీసింది మొత్తం నాకివ్వు, అందులో నేను చెప్పింది ఉంది, చూపిస్తానంది.

"లేదు" అంది విలేకరి. "వాడని ముక్కలు వారం తిరక్కుండా చెరిపేస్తారు. నేను పొద్దున్నే వెతికాను."

తన వీడియో ఉందిగా అని రేడియో ఫోను తీసింది. అది చూపిస్తే ఎవరు కాదనగలరు? కాని దాన్ని చూడగానే ఎవరి కళ్ళైనా కింద జనం రాసిన వేళాకోళాల మీదికే పోతున్నాయి. చివరికి ఒక చానెల్ దాన్ని వేసింది. ఆ హాస్యపు పిల్ల కూడా ఒకసారి వంతెన మీద సరదాగా వీడియో చేసిందని చెప్పి వేసింది.

కొన్నాళ్ళకు రేడియో పెద్దక్క ఇంటికి వెళ్ళింది. ఒకే గది, కిటికీ కింద కుట్టుమిషను. పెద్దక్క భర్త దర్జీ. చేతిలో పనేమీ లేకపోయినా మిషను ముందే కూర్చుని ఉన్నాడు. రేడియో నేల మీద కూలబడింది.

"బావగారూ, నేనక్కకి చెప్పాను. వంతెన మీద రావద్దని చెప్పాను."

"తెలుసమ్మా. ఆ రోజే ఇంటికొచ్చి చెప్పింది." ఆయన గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. "నిజమేనంటావా అని నేనడిగాను. ఆ పిల్ల అన్నిటికీ అలాగే అంటుందిలెండి, అంది. నవ్వుతూనే అంది. నువ్వంటే ఎంతో ఇష్టం దానికి."

ఆయన లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు.

ఇంటిదారి పొడుగునా ఆమెకు తన గొంతే వినబడింది. సినిమా బాగోలేదని ఏ గొంతుతో చెప్పిందో, వంతెన బాగోలేదనీ అదే గొంతుతో చెప్పింది. హీరోగారి మోకాళ్ళను చూసి ఎంత బెంగపడిందో, బీటను చూసీ అంతే బెంగపడినట్టు వినిపించి ఉంటుంది. ఒక్క దుప్పటి ఆపి, రెండు చేతులూ పట్టుకుని, అక్కా ఇది నవ్వులాట కాదు అని ఉంటే? అక్క బతికి ఉండేదేమో, ఉండేది కాదేమో. మోకాళ్ళ నొప్పి ఉండనే ఉంది, రెండు బస్సులు ఉండనే ఉన్నాయి. ఎడిటర్‌ను తిట్టుకుందామన్నా, గుమాస్తాను తిట్టుకుందామన్నా ఆమెకు నోరు రాలేదు. ఎవరిని ఏమన్నా అదీ ఇంకో అభిప్రాయమే అవుతుంది కదా.

విచారణ సంఘం వేశారు. అది ఎక్కడిదక్కడే ఉంది. ఉతికే గదిలో రేడియోకి కొత్త జోడీని ఇచ్చారు. టీవీలో వచ్చిన మనిషితో పనిచేస్తున్నానని ఆ పిల్లకు మహా ఉత్సాహం. సినిమా జంట మళ్ళీ కలిశారట, నువ్వేమంటావక్కా అని మొదటి రోజే అడిగింది. రేడియో దుప్పటి కొసలు కలిపి, ఏమో అంది. బెట్టు చేస్తోందనుకుంది ఆ పిల్ల. కాదు. ఆమెకు నిజంగానే ఏమీ అనిపించలేదు. నెల తిరిగేసరికి ఆ గదిలో యంత్రాల చప్పుడు తప్ప మరొకటి వినబడలేదు. పిలవడానికి రేడియో అన్న పేరు కూడా అతకక, అమ్మాయీ అని పిలవడం మొదలుపెట్టారు.

తండ్రి కొన్నాళ్ళు చూశాడు. ఒక ఆదివారం దుకాణం మూసే ముందు, కూతురు బెంచీ మీద కూర్చుని ఉండగా, ఎన్నడూ లేనిది ఆయనే మాట ఎత్తాడు. కొత్త సినిమా చూశానమ్మా, ఆ అరవయ్యేళ్ళాయన కుర్రాడిలా గంతులేశాడు, ఆయన్ని మించిన నటుడు ఇంక పుట్టడు అన్నాడు. ఆయన ఆ సినిమా చూడలేదు. అద్దంలోంచి కూతురి ముఖం కేసి చూస్తూ, ఇప్పుడు విరుచుకుపడుతుంది, ఇప్పుడు నన్ను కడిగేస్తుంది అని కాచుకుని ఉన్నాడు.

"అవును నాన్నా" అంది.

ఆయన ఇంకొంచెంసేపు అద్దంలో చూశాడు. తరవాత బ్రష్షు నీళ్ళలో ముంచి, నురగ పూర్తిగా పోయినా కడుగుతూనే ఉన్నాడు.